ఉత్త హాలు చాలండీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నాడు వెనకటికెవడో. ఆ మహానుభావుడు హాలు వెతికి చూడు అనడం మాత్రం మరిచిపోయాడు. వెతికి ఉంటే మొదటి రెండూ అనేవాడు కాదు, మూడోది ఒక్కటే చెప్పి మంచం ఎక్కేవాడు.

ఈ కథలో పెళ్లికూతురు తెరలు కుట్టే మనిషి. కిటికీ తెరలు, తలుపు తెరలు, నాటకాలవాళ్ల తెరలు, ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య వేలాడే ఆకుపచ్చ తెరలు, అన్నీ కుడుతుంది. వీధిలో అందరూ ఆమెను తెరలమ్మాయి అంటారు. వయసు ముప్పై దాటినా అమ్మాయే. పెళ్లికొడుకు కరెంటు పనివాడు. అతన్ని ఆమె స్నేహితురాళ్లు "మీ కరెంటాయన" అని ఏడిపిస్తారు. ఇద్దరూ చేతిపని తెలిసినవాళ్లు కాబట్టి పెళ్లి పనులన్నీ మనమే చేసుకుందాం అనుకున్నారు. తెరలు ఆమె కుడుతుంది, దీపాలు అతను కడతాడు, వంట అతని అన్నా వదినా చూసుకుంటారు, కుర్చీలు తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుంటారు. ఇక కావలసిందల్లా నాలుగు గోడలు, పైన కప్పు, ఒక ప్లగ్గు. ఆ మాత్రం దొరకదా అనుకున్నారు, పాపం.

మొదటి హాలుకి అద్దాల తలుపులు. లోపల టై కట్టుకున్న మేనేజరు. "మాకేం అక్కర్లేదు, ఉత్త హాలు చాలండీ" అంది తెరలమ్మాయి. హోటల్‌కి వచ్చి మంచినీళ్లు మాత్రం అడిగిన మనిషిని చూసినట్టు చూశాడాయన.

"ఉత్త హాలు ఉండదమ్మా. ప్యాకేజీ ఉంటుంది. పూలు, తెరలు, వంట, ఫొటోలు, గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడడానికి ఇద్దరు మనుషులు."

"నవ్వడానికి మావాళ్లున్నారండీ."

"మీవాళ్లు నవ్వినా మావాళ్ల డబ్బులు మాత్రం ఇచ్చుకోవాలి" అన్నాడు మేనేజరు, చావు కబురు చల్లగా చెప్పినట్టు. ఆ ప్యాకేజీ ఎంతో కాగితం మీద రాసి చూపించాడు. తెరలమ్మాయి కళ్లు తేలేసింది. రెండేళ్లు పగలూ రాత్రీ కుట్టినా అంత రాదు. సున్నాలు లెక్కపెట్టుకుంటూ బయటికొచ్చింది.

రెండో హాలువాళ్లు కొంచెం నయం, సొంత తెరలు కట్టుకోనిస్తామన్నారు. కానీ మా తెరలు విప్పినందుకు ఇంత, మీవి కట్టినందుకు ఇంత, మీవి విప్పినందుకు ఇంత, మళ్లీ మావి కట్టినందుకు ఇంత అన్నారు. తెరలమ్మాయి ఆ గోడ దగ్గరికి వెళ్లి, వేలాడుతున్న తెర అంచు తిరగేసి చూసి కొయ్యబారిపోయింది. అది తన కుట్టే! మూడేళ్ల కింద ఎవరో దళారీ కుట్టించుకుపోయాడు. అప్పుడు తనకి మొత్తం కుట్టుకూలి ఎంత ఇచ్చాడో, వీళ్లు ఇప్పుడు ఒక్కసారి విప్పడానికి అంతకు నాలుగింతలు అడుగుతున్నారు.

"ఈ తెరలు కుట్టింది నేనేనండీ" అంది.

"అయితే మీకు తెలిసే ఉంటుందిగా, ఎంత బాగుంటాయో. ఉంచేసుకోండి మరి" అన్నాడు ఆ హాలాయన.

తెరలమ్మాయి తెర అంచు మళ్లీ సర్దేసి బయటపడింది.

ఇంత కంగారు ఎందుకంటే, తొందర ఉంది. కరెంటాయనకి దూరంగా ఒక ఆనకట్ట దగ్గర రెండేళ్ల పని దొరికింది. ఇరవైమూడో తారీఖున చేరాలి. పెళ్లయినవాళ్లకి రెండు గదుల ఇల్లు ఇస్తారు. కానివాళ్లకి పదిమంది వరసగా పడుకునే షెడ్డు. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లు. అసలు సంగతి వేరే ఉంది. ఈ పెళ్లి ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. మూడుసార్లూ వాయిదా వేసింది తెరలమ్మాయే.

ఆమెకి ఇంట్లో ఉన్నది నాన్న ఒక్కడే. అమ్మ పోయి పదకొండేళ్లు. మొదటిసారి తారీఖు అనుకున్నప్పుడు నాన్నకి నడుం పట్టేసింది. రెండోసారి కంటి ఆపరేషను. మూడోసారి ఏ కారణమూ లేదు. ఒకరోజు ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చేసరికి నాన్న వంటింట్లో ఒక్కడే నిలబడి, పళ్లెం చేత్తో పట్టుకుని తింటున్నాడు. కూర్చోవచ్చు కదా అంటే, ఒక్కడి కోసం కుర్చీ లాగడం ఎందుకులే అన్నాడు. ఆ మాటకి ఆమె గుండె చెరువైపోయింది. మర్నాడే కరెంటాయనకి చెప్పేసింది, ఇప్పుడు కాదు అని.

అతను ఎప్పుడూ గొడవ పెట్టుకోలేదు. కానీ ఈసారి తారీఖు అనుకున్నప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు. "ఇదే ఆఖరు. నేను కోపంతో అనట్లేదు, అలిసిపోయి అంటున్నా. ఈసారి కాకపోతే ఇక కాదు." అనేసి నిచ్చెన ఎక్కి తన పని తాను చూసుకున్నాడు. కోపంతో అని ఉంటే ఆమె ఎలాగోలా బుజ్జగించేది. అలిసిపోయినవాడిని ఏమని బుజ్జగిస్తుంది?

అందుకే ఇరవయ్యో తారీఖు ఆదివారం అని గట్టిగా అనుకున్నారు. ఇంకా పద్దెనిమిది రోజులుంది. నాన్నకి మాత్రం ఆమె చెప్పలేదు.

దీనికీ ఒక కారణం ఉంది. నాన్న వడ్రంగి. ఇంటి ముందు గదిలోనే పని. ఆయనకి జీవితం మొత్తానికి ఒకటే సూత్రం: సగం పని ఎవరికీ చూపించకూడదు. "సగం చేసిన కుర్చీని చూసినవాడు కుర్చీ అనడు, కట్టెలంటాడు" అంటాడు. ఏం చేస్తున్నా దానిమీద పాత దుప్పటి కప్పే ఉంచుతాడు. అంతా పూర్తయ్యాకే దుప్పటి తీస్తాడు. తండ్రిని చూసి కూతురికీ అదే అబ్బింది. సగం కుట్టిన తెరను కొనేవాళ్లు చూడాలని వస్తే, చాటంత మొహం చేసుకుని మాటల్లో పెట్టి పంపేస్తుంది కానీ చూపించదు. ఈ తండ్రీకూతుళ్లకి పెళ్లయినా పాడైనా ఒకటే పద్ధతి. మూడుసార్లు పెళ్లని చెప్పి మూడుసార్లు కాదని చెప్పి ఆమె మాటకి విలువ పోయింది. ఈసారి హాలు కుదిరి, అడ్వాన్సు ఇచ్చి, రసీదు చేతిలో పెట్టుకుని అప్పుడు చెబుతాను అనుకుంది. నిజం చెప్పాలంటే, చెప్పే రోజు రాకపోతే బాగుండుననే ఉండేది ఆమెకి. నాన్నని ఒక్కణ్ణీ వదిలి రెండేళ్లు ఎలా?

మూడో హాలూ నాలుగో హాలూ చూసి తల ప్రాణం తోకకొచ్చాక, ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఎంత పాత కొంపైనా సరే, రంగేసుకుంటే సరిపోతుంది. ఆ లెక్క కనుక్కుందామని రంగుల కొట్టుకి వెళ్లింది. ఆ కొట్టు నడిపే ఆవిడని ఆమె చిన్నప్పటి నుంచీ అత్తయ్యా అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. ఆవిడకి భర్త పోయాడు, పిల్లలు లేరు. కళ్లజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది, వేళ్లకి ఎప్పటెప్పటివో రంగులు ఉంటాయి. నాన్న పనులకి వార్నీషూ పాలిషూ అన్నీ అక్కడివే.

"అత్తయ్యా, నలభై అడుగుల గోడకి తెల్లరంగు ఎన్ని డబ్బాలు పడుతుంది?"

"ఎవరికమ్మా?"

"ఒక కస్టమరు అడిగారు" అని అబద్ధం ఆడింది తెరలమ్మాయి.

"ఏమిటో, ఈ వారం అందరికీ పెద్ద గోడలే కావాలి" అంది అత్తయ్య, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. డబ్బాల లెక్క చెప్పింది కానీ ఎందుకో ఆ రోజు కుర్చీ వెయ్యలేదు, ఎప్పటిలా కూర్చోమనలేదు.

ఆ మర్నాడే దొరికింది హాలు. ఒక ఇంట్లో తెరలు బిగించి వస్తుంటే, ఎత్తు గోడల మధ్య తుప్పుపట్టిన గేటు, దానిమీద చేత్తో రాసిన అట్ట: హాలు అద్దెకివ్వబడును. ఒకప్పుడు అందులో షటిల్ ఆడేవారట. ఆడేవాళ్లు తగ్గిపోయి మూతపడింది. తాళాలు చూసుకునే ఆవిడ పెద్దావిడ, తాళాల గుత్తిని పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని వచ్చి తలుపు తెరిచింది.

పైన రేకుల కప్పు, మంచి ఎత్తు. నేలమీద కోర్టు గీతలు సగం చెరిగిపోయి ఉన్నాయి. గోడలు ఒకప్పుడు తెల్లవి, ఇప్పుడు టీ నీళ్ల రంగు. వాటిమీద ఒక్క బొమ్మ లేదు, ఒక్క మేకు లేదు, ఒక్క పిచ్చి పువ్వు లేదు. అబ్బా, ఎంత ఖాళీగా ఉందో!

"తెరలున్నాయా?" అంది భయంభయంగా.

"లేవమ్మా."

"కుర్చీలు?"

"లేవు."

"ప్యాకేజీ?"

"అదేంటి?"

ఆ పెద్దావిడ కాళ్లమీద పడాలనిపించింది తెరలమ్మాయికి. అద్దె ఎంతో అడిగింది. చెప్పింది. సరిగ్గా వినలేదేమోనని మళ్లీ అడిగింది. మళ్లీ అంతే చెప్పింది. మొదటి హాల్లో గుమ్మం దగ్గర నవ్వేవాళ్లకి ఇచ్చేదాంట్లో సగం కూడా లేదు!

బుద్ధి ఉన్నవాళ్లు ఎవరైనా అప్పుడు ఏం అడుగుతారు? ఫలానా తారీఖున ఖాళీయేనా అని అడుగుతారు. ఈమె అడగలేదు. చేతిపనివాళ్ల బుద్ధి చేతుల్లో ఉంటుంది మరి, సంచిలోంచి టేపు తీసింది. గోడ పొడవు కొలవాలని మూల దగ్గర కూర్చుంది. అక్కడ, మోకాలి ఎత్తున, పెన్సిలుతో గీసిన చిన్న చేప కనిపించింది.

ఆమె ఇంకాస్త వంగి చూసింది.

ఆ చేప ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క మనిషి గీస్తాడు. ఆమె చిన్నప్పుడు నాన్న టేపు ఒక కొస ఆమెకిచ్చి, సరిగ్గా ఎక్కడ పెట్టాలో తెలియాలని గోడమీద చేప బొమ్మ వేసేవాడు. చేప ముక్కు మీద పెట్టమ్మా అనేవాడు. ఆమె పెద్దదైంది, టేపు పట్టుకోవడం మానేసింది, నాన్న మాత్రం చేపలు మానలేదు. కొలత మొదలుపెట్టే చోట ఒక చేప, ముగించే చోట ఒక చేప. ఆమె లేచి గోడవెంట నడిచింది. అవతలి మూలలో రెండోది ఉంది.

నాన్న ఇక్కడికి వచ్చాడు!

అంతే, ఆమెకి అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి, లేదా అర్థమైపోయాయనుకుంది. పదిరోజులుగా ముందు గదిలో దుప్పటి కింద ఏదో పెద్దది తయారవుతోంది. ఏమిటి నాన్నా అంటే చెప్పడు. చెవిమీద పెన్సిలు పెట్టుకుని మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్లొస్తున్నాడు. తెలిసిపోయింది నాన్నకి! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ నాన్న పట్టేశాడు. తను ఊరంతా తిరిగి నానా మాటలూ పడుతుంటే, నోరు మెదపకుండా వచ్చి, తనకోసం హాలు చూసి, కొలతలు తీసుకుని, వేదిక చేస్తున్నాడు. పిచ్చి నాన్న. బంగారం లాంటి నాన్న. ఆమె కోర్టు గీతల మధ్య కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తాళాలావిడ హడలిపోయింది. "ఏమైంది అమ్మాయ్? ఎలక కనిపించిందా?"

"మా నాన్న వచ్చారండీ ఇక్కడికి. ఈ బొమ్మలు మా నాన్నవే."

"ఎవరు, ఆ వడ్రంగాయనా? కాస్త నడుం వంగి, చెవిమీద పెన్సిలు..."

"ఆయనే!"

"ఆయన కూతురివా! ముందే చెప్పొద్దూ? పంతొమ్మిది, ఇరవై, రెండు రోజులూ ఆయనకే ఇచ్చాగా. శనివారం రంగు మేమే వేసుకుంటాం, ఆదివారం పెళ్లి చేసుకుంటాం అన్నాడు. గోడలన్నిటికీ రంగేస్తానన్నాడని అద్దె సగానికి తగ్గించా. ఏం బేరమాడాడమ్మా మీ నాన్న! నా మొహమాటాన్ని మొత్తం వాడేసుకున్నాడు."

తారీఖు కూడా కనుక్కున్నాడు! ఇదంతా కరెంటాయన పనే, చెప్పేసి ఉంటాడు అనుకుంది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ, "అది నా పెళ్లేనండీ" అంది గర్వంగా.

తాళాలావిడ ఆమె వంక చూసింది. తాళాల గుత్తి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"నీ పెళ్లా?"

"నాదే."

"మరి ఆయనతో వచ్చినావిడ?"

"ఎవరావిడ?"

"నాకేం తెలుసమ్మా. పెళ్లికూతురెవరండీ అని అడిగితే ఈవిడేనని చూపించాడు. ఆవిడ సిగ్గుపడింది కూడా. నేను చూశాగా!"

తెరలమ్మాయికి ఆ మాటలు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. లోపలికి పోలేదు. నాన్న. పెళ్లికూతురు. ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టడం ఆమెకి చేతకాలేదు. అరవై దగ్గరపడ్డ మనిషి, పళ్లెం పట్టుకుని నిలబడి తినే మనిషి, ఆయనకో పెళ్లికూతురు!

"ఎలా ఉంటుందావిడ?" అంది.

"బాగానే ఉంటుంది. రాగానే గోడ గోరుతో గీకి చూసింది. పాత సున్నం ఊడిపోతోంది, గీకించకుండా వేస్తే కొత్త రంగు నిలవదు అంది. వేళ్లనిండా రంగులు. కళ్లజోడు మెడలో..."

ఇక చెప్పక్కర్లేదు. రంగుల కొట్టు అత్తయ్య!

తెరలమ్మాయి టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది. వేరే ఆదివారం ఏదైనా ఉందా అని అడగాలని అప్పటికి గుర్తొచ్చింది. మళ్లీ ఖాళీ అంటే వచ్చే నెల పదకొండు తర్వాతే అంది తాళాలావిడ. గేటు దాటి ఆమె నేరుగా రంగుల కొట్టు దారి పట్టింది. దారిపొడుగునా బుర్రలో ఒకటే రొద. ఇన్నేళ్లుగా అత్తయ్యా అని పిలిచిన మనిషిని ఇప్పుడు పిన్నీ అనాలా? నిన్ననే ఎదురుగా నిలబడి డబ్బాల లెక్క చెప్పిందే, ఒక్క ముక్క అనలేదే! నాన్న సరేసరి. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం, కడుపులో ఇంత దాచుకున్నాడా?

రంగుల కొట్లో ఇద్దరూ ఉన్నారు. అత్తయ్య ఒక డబ్బాలో కర్రపెట్టి రంగు కలుపుతోంది. నాన్న నిచ్చెన మీద నిలబడి అరకి మేకు కొడుతున్నాడు. తెరలమ్మాయి అరవలేదు. దారిలో వందసార్లు అరిచేసింది, ఇక మిగల్లేదు.

"నాన్నా, ఇరవయ్యో తారీఖున నీ పెళ్లట కదా. నన్ను పిలవవా?"

మేకు కిందపడింది. అత్తయ్య చేతిలోని కర్ర డబ్బాలోకి జారి మునిగిపోయింది. నాన్న ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

"ఎవరు చెప్పారమ్మా?"

"నీ చేపలు చెప్పాయి."

ఆయన తల దించుకున్నాడు. "అంతా పూర్తయ్యాక చెబుదామనుకున్నా తల్లీ."

"పెళ్లి కూడా కుర్చీయేనా నాన్నా? దుప్పటి కప్పి దాచడానికి?"

"అది కాదమ్మా..." అని, ఏదో తట్టినట్టు తలెత్తాడు. "ఇంతకీ నువ్వా హాలుకి ఎందుకెళ్లావు?"

ఇప్పుడు తెల్లమొహం వెయ్యడం ఆమె వంతైంది. "నేను కూడా... పూర్తయ్యాకే చెబుదామని."

"ఆ నలభై అడుగుల కస్టమరు నువ్వేనన్నమాట" అంది అత్తయ్య మెల్లగా. ఎవరికీ నవ్వు రాలేదు.

అత్తయ్య రెండు స్టూళ్లు లాగింది. ఒక్కరూ కూర్చోలేదు. చివరికి దాచడం చేతకాని మనిషి ఆవిడే, చెప్పేసింది. "ఐదేళ్లయిందమ్మా మేం అనుకుని. నీ పెళ్లి కాగానే చేసుకుందాం అన్నారు మీ నాన్న. నీకు తారీఖు అనుకున్నప్పుడల్లా మేమూ ఒకటి అనుకునేవాళ్లం. నీది ఆగేది, మాదీ ఆగేది. అలా మూడుసార్లు."

తెరలమ్మాయికి నెత్తిన పిడుగు పడ్డట్టైంది. "నేను ఆగింది నీకోసం కదా నాన్నా! నువ్వొక్కడివీ ఉండలేవనే కదా!"

"నాకేం తెలుసు? నా నడుమూ కన్నూ బాగయ్యాక కూడా ఎందుకాగిందో నువ్వెప్పుడూ చెప్పలేదుగా. పెళ్లీడుకొచ్చిన కూతుర్ని ఇంట్లో పెట్టుకుని నేను పెళ్లికొడుకునవ్వడం ఏం బాగుంటుందని ఆగా. ఈమధ్య ఆ కరెంటబ్బాయి కనిపిస్తే అడిగా, ఎందుకయ్యా ఇలా అయిందని. మీకోసమేనండీ అన్నాడు, అంతకు మించి చెప్పలేదు. అప్పుడు తెలిసింది. నేను ముందు చేసుకుంటే గానీ నువ్వు కదలవని."

ఔరా! ముందు మీరెక్కండి అంటే మీరెక్కండి అనుకుంటూ బస్సు పోగొట్టుకున్నవాళ్లని చూశాం కానీ, పక్కపక్క గదుల్లో పడుకుని, పొద్దున లేచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఇంత నిశ్శబ్దంగా ఒకరి బతుకు ఒకరు ఆపుకున్నవాళ్లని ఎక్కడైనా చూశామా? తెరలమ్మాయికి కోపం వచ్చింది, సిగ్గు వచ్చింది. అన్నిటికంటే ముందు ఏడుపొచ్చింది. తను లేకపోతే నాన్న ఏమైపోతాడో అని నాలుగేళ్లు కుమిలిపోయింది. నాన్న ఏమీ అయిపోడట. నిక్షేపంగా ఉంటాడట. సంతోషించాల్సిన మాటే, కాదనదు. కానీ నాన్నకి తను అక్కర్లేకపోయిందన్న బాధ ముందు తన్నుకొచ్చింది, దాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు.

"నీకు హాలు ఎప్పటికి కావాలమ్మా?" అన్నాడు నాన్న.

"ఇరవైమూడుకి ఆయన పనిలో చేరాలి. ఇరవై దాటితే ఇక..."

"అంతేనా? హాలు నువ్వు తీసేసుకో. మాదేముంది, మేం ఎప్పుడైనా చేసుకోవచ్చు."

మేకు అందించినంత తేలిగ్గా అన్నాడు. కూతురి కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషి, హాలు ఒక లెక్కా? తెరలమ్మాయి అత్తయ్య వైపు చూసింది. "అవునమ్మా, తీసుకో. పర్లేదు" అంది అత్తయ్య నవ్వుతూనే. అని ఊరుకోకుండా ఒక డబ్బా దగ్గరికి లాక్కుని, మూత చుట్టూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టింది. ఆ మూత ముందే గట్టిగా వేసి ఉంది. అయినా కొడుతూనే ఉంది, తల పైకెత్తకుండా.

ఆ వంచుకున్న తలను చూస్తుంటే తెరలమ్మాయికి ఇంకో వంచుకున్న తల గుర్తొచ్చింది. కరెంటాయనా అంతే కదా. మూడుసార్లు పర్లేదన్నాడు. అన్న మరుక్షణం వెలుగుతున్న బల్బునే విప్పి మళ్లీ బిగించేవాడు, బాగున్న స్విచ్చునే తెరిచేవాడు. తేలిగ్గా తీసుకున్నాడని ఆమె అనుకునేది. అనుకునేది ఏమిటి, అలా అనుకుంటే సుఖంగా ఉండేది. ఆ తల వెనక ఏముందో ఒక్కసారి కూడా వంగి చూడలేదు. పైగా, మంచి కూతుర్ని అని మురిసిపోయింది.

"వద్దు" అంది గట్టిగా. "ఆదివారం మీదే. మీరింకొక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదు. నాకు శనివారం ఇవ్వండి."

నాన్న అదిరిపడ్డాడు. "శనివారమా! శనివారం రంగులేస్తాం కదే! ఎక్కడ చూసినా నిచ్చెనలు, డబ్బాలు. ఒక గోడ తెల్లగా, ఒక గోడ గజ్జి పట్టినట్టు. నలుగురూ వచ్చి ఆ సగం పని చూస్తే..."

"చూడనీ నాన్నా."

"నా పరువేం కావాలి?"

"పోనీ. కొంచెం పోనీ."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. అత్తయ్య సుత్తి పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని, వేళ్లమీద లెక్కేసింది. "తెల్లారేసరికి మొదలుపెడితే మధ్యాహ్నానికి రెండు గోడలు ఆరిపోతాయి. పెళ్లి సాయంత్రం పెట్టుకోండి. ఫొటోలన్నీ ఆ వైపే తీసుకుంటే సరి. నిచ్చెనలకి మీ ఆయన దీపాలు కట్టుకుంటాడు." అని, అప్పుడు ఏడ్చేసింది. నాన్న ఏం చెయ్యాలో తెలియక భుజంమీది పాత తువ్వాలు ఆవిడకి ఇచ్చాడు. దానికీ వార్నీషు వాసనే.

తెరలమ్మాయి కొట్టు బయటికొచ్చి, మెట్టుమీద కూర్చుని, కరెంటాయనకి ఫోన్ చేసింది. అవతల గోడకి రంధ్రం చేస్తున్న చప్పుడు.

"ఏం చేస్తున్నావు? హాలు విషయం ఒకటి చెప్పాలి" అంది.

చప్పుడు ఆగిపోయింది.

"పర్లేదు" అన్నాడతను. ఆమె ఇంకా ఏమీ చెప్పనే లేదు. "నేను ఇవాళ పొద్దున్నే ఆనకట్టవాళ్లకి ఉత్తరం పెట్టేశా. ఇల్లు వద్దు, షెడ్డులో ఒక మంచం ఇవ్వమని. ఎందుకైనా మంచిదని."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, కోపం లేదు. వాన పడుతుందేమోనని గొడుగు తీసుకెళ్లిన మనిషి గొంతులా ఉంది. తెరలమ్మాయి మెట్టు అంచు గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పేది విను. పెళ్లి ఇరవయ్యో తారీఖున కాదు. పంతొమ్మిదిన."

పెట్టేశాడేమోనని ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. పెట్టలేదు.

"ఏ నెల?" అన్నాడతను.

ఆమెకి "ఈ నెలే" అనడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.